పత్తికట్టె బొగ్గుతో ఉక్కు చేస్తారంట, నిజమేనా?

పత్తిచేను_ఖమ్మం
మా మండలంలో రైతులం కలిసి ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) పెట్టుకున్నాం. పోయిన వారం ఒక కంపెనీ తరఫున ఇద్దరొచ్చారు. పత్తి ఏరడం అయిపోయాక పీకేసే కట్టెని టన్నుల లెక్కన కొంటారంట, దాన్ని గాలి తగలకుండా కాల్చి బయోచార్ చేసి ఉక్కు ఫ్యాక్టరీలకి అమ్ముతారంట, రాతిబొగ్గు బదులు అది వాడితే కార్బన్ తగ్గుద్దంట. ఐదేళ్ళకి అగ్రిమెంట్ రాయమంటున్నారు, కట్టె ఇంకెవరికీ అమ్మకూడదని కూడా అందులో ఉంది, ధర దగ్గరకొచ్చేసరికి మాత్రం "మార్కెట్‌ని బట్టి" అని రాశారు. ఇప్పుడైతే మేం కట్టెని చేలోనే కుప్పేసి తగలబెడుతున్నాం, గులాబీ పురుగు భయానికి ఉంచలేం, రోటవేటర్ కొట్టినా సగం కట్టె అలానే ఉంటది. డబ్బులొస్తే మంచిదే. కానీ అసలు ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళు పత్తికట్టె బొగ్గు వాడతారా, లేక ఈ మాట చెప్పి ఇంకేదో చేస్తారా? ఇక్కడ ప్లాంట్లలో పనిచేసినోళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

కొలిమిరవ్వ
వాడటం కొత్తేం కాదు అన్నా. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో వందల ఏళ్ళు ఉక్కు చేశారు, పర్షియా నుంచి వర్తకులొచ్చి కొనుక్కుపోయేవాళ్ళు, అదంతా కట్టెబొగ్గు మీద చేసిందే. దక్షిణాదిలో ఉక్కు మూసల్లో ఇనుముతో పాటు తంగేడు కట్టె ముక్కలు, జిల్లేడు ఆకులు పెట్టేవాళ్ళని బ్రిటిష్ వాళ్ళు రాసిపెట్టారు. ఇంగ్లండ్‌లో 1709లో ఏబ్రహామ్ డార్బీ కోక్‌తో, అంటే గాలి తగలకుండా కాల్చి గట్టిపరచిన రాతిబొగ్గుతో, ఇనుము తీసేదాకా యూరప్ అంతా కట్టెబొగ్గే.

గాజువాక_పెద్దాయన
కోనసముద్రం వేరు, ఇప్పటి బ్లాస్ట్ ఫర్నేస్ (వేడి గాలి ఊది ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి) వేరు కొలిమిరవ్వా. నేను ఫర్నేస్ మీదే రిటైరయ్యాను, కొంచెం వివరంగా చెప్తా.

ఫర్నేస్‌లో కోక్ మూడు పనులు చేస్తది. ఒకటి వేడి. రెండు, ఖనిజంలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేయడం. ఈ రెండు పనులూ కట్టెబొగ్గు కూడా చేస్తది, కొన్ని విషయాల్లో ఇంకా బాగా చేస్తది. మూడోదే అసలు సమస్య, బరువు మోయడం. పైన సింటర్ (ఖనిజపు పొడిని కాల్చి ముద్ద చేసింది), ఖనిజం, కోక్ పొరలు పొరలుగా పడతాయి, కింద ఖనిజం మెత్తబడి కరిగే చోట గట్టిగా నిలబడి ఉండేది కోక్ ఒక్కటే. దాని సందుల్లోంచే వేడి గాలి పైకి పోవాలి, కరిగిన లోహం కిందికి దిగాలి. వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అనే మూడూ మూడు వేల ఘనపు మీటర్లు దాటిన ఫర్నేసులు. అంత ఎత్తు సరుకు బరువు కింద కట్టెబొగ్గు వేస్తే పిండైపోద్ది, గాలి పోదు, ఫర్నేస్ బిగుసుకుపోద్ది. కాబట్టి కోక్ మొత్తం తీసేసి బయోచార్ వేస్తాం అని ఎవడన్నా చెప్తే పెద్ద ఫర్నేస్ వరకు అది అబద్ధం.

కానీ కింద ట్యూయర్ల (వేడి గాలి ఊదే గొట్టాల) దగ్గర్నుంచి బొగ్గు పొడి ఊదుతాం, పీసీఐ అంటాం. టన్ను హాట్ మెటల్‌కి (కరిగిన ఇనుముకి) కోక్ 350 నుంచి 400 కిలోలు, పొడి బొగ్గు 150 నుంచి 200 కిలోలు బాగా నడిచే ఫర్నేస్‌లో. ఈ పొడి బరువు మొయ్యక్కర్లేదు, కాలితే చాలు. అక్కడ బయోచార్‌కి చోటుంది.

మినాస్_బాటసారి
కోక్ లేకుండా నడవదు అనేది పెద్ద ఫర్నేసులకే అని పెద్దాయన సరిగ్గా చెప్పారు. బ్రెజిల్‌లో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో ఉంటున్నా, ఇక్కడ చిన్న ఫర్నేసులు పూర్తిగా కట్టెబొగ్గు మీదే నడుస్తాయి, ఒక్క కిలో కోక్ కూడా వెయ్యరు. చాలావరకు కొన్ని వందల ఘనపు మీటర్ల లోపువే. తిమోతియో అనే ఊళ్ళో అపెరామ్ వాళ్ళ స్టెయిన్‌లెస్ ప్లాంట్‌ది కూడా కట్టెబొగ్గే, సొంత యూకలిప్టస్ తోటలు, సొంత బట్టీలు. యూకలిప్టస్ అంటే మన జామాయిలే.

సర్కారుతుమ్మ
బ్రెజిల్ అంటే మంచి ముచ్చట్లే చెప్తున్నారు. కరజాస్ వైపు పిగ్ ఐరన్ (ఫర్నేస్‌లోంచి వచ్చే ముడి ఇనుము) కోసం అమెజాన్ అడవి నరికి బొగ్గు చేసిన కథ కూడా చెప్పండి. అక్కడి బట్టీల్లో వెట్టిచాకిరీ కేసులు ఎన్ని బయటపడ్డాయో.

మినాస్_బాటసారి
అది నిజమే, దాచేదేం లేదు. సహజ అడవిని నరికి చేసిన బొగ్గు చాలా ఏళ్ళు ఫర్నేసుల్లోకి పోయింది, బానిసల్లాగా కూలీలతో పని చేయించిన బట్టీల మీద ప్రభుత్వం దాడులు చేసింది. అందుకే ఇప్పుడు "కట్టెబొగ్గు ఉక్కు" అనగానే ఇక్కడోళ్ళు ముందు అడిగేది కట్టె ఎక్కడిది అనే. నాటిన తోటదా, అడవిదా. ఆ ఒక్క జవాబుని బట్టే మంచీ చెడూ తేలుద్ది.

మెటలర్జీ_మేడ
మన దగ్గరా ఉంది ఈ కథ. భద్రావతి. 1923లో మైసూర్ సంస్థానం వాళ్ళు మొదలెట్టిన బ్లాస్ట్ ఫర్నేస్ కట్టెబొగ్గుతోనే నడిచింది, దగ్గర్లో బొగ్గు గనులు లేవు కానీ మలెనాడు అడవులున్నాయి కాబట్టి. విశ్వేశ్వరయ్య గారు బోర్డు ఛైర్మన్‌గా దాన్ని నష్టాల్లోంచి లాక్కొచ్చారు. కట్టెని రిటార్టుల్లో, అంటే గాలి చొరకుండా మూసిన పాత్రల్లో, కాల్చి ఆవిరిలోంచి తారు, మెథనాల్ లాంటివి కూడా తీసేవాళ్ళు, అంటే ఇవాళ బయోచార్ ప్లాంట్ వాళ్ళు బ్రోచర్లో రాసేదంతా అప్పుడే చేశారు. తర్వాత కరెంటు ఫర్నేసులకి మారారు. అడవి ఎంతని ఇస్తది?

గాజువాక_పెద్దాయన
ఆ లెక్కే చెప్తా ఉండండి. వైజాగ్ సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నుల ఉక్కు. హాట్ మెటల్ సుమారు 75 లక్షల టన్నులు అనుకుందాం. టన్నుకి 150 కిలోల పొడి బొగ్గు బదులు మొత్తం బయోచార్ ఊదాలంటే ఏడాదికి 11 లక్షల టన్నుల పైచిలుకు బయోచార్ కావాలి. ఎండు కట్టె మూడు టన్నులకి పైగా కాలిస్తే గానీ టన్ను బయోచార్ రాదు. అంటే 35 లక్షల టన్నుల పైన ఎండు కట్టె. జామాయిల్ తోట ఎకరాకి ఏడాదికి నాలుగు టన్నుల ఎండు కట్టె ఇస్తదనుకున్నా దాదాపు 9 లక్షల ఎకరాలు కావాలి. ఒక్క ప్లాంట్‌కి. పీసీఐ ఒక్కదానికి.

బొబ్బిలి_ఫర్నేస్
పెద్దాయన లెక్క మొదలెట్టారంటే టీ తెచ్చుకుని కూర్చోవాల్సిందే 😄 కానీ ఈ లెక్క చూస్తే తల తిరుగుతోంది.

పత్తిచేను_ఖమ్మం
జామాయిల్ ఎందుకు పెద్దాయనా, నేను అడిగింది పత్తికట్టె. తెలంగాణలో పత్తి 40 లక్షల ఎకరాల పైనే వేస్తారు. ఎకరాకి టన్ను నుంచి టన్నున్నర ఎండు కట్టె వస్తది. ఊరికే తగలబెట్టేదే కదా అదంతా.

గాజువాక_పెద్దాయన
మంచి పాయింట్. అప్పుడు తెలంగాణ పత్తికట్టె మొత్తం, ఒక్క పుల్ల వదలకుండా ఏరితే, వైజాగ్ పీసీఐకి సరిపోద్ది. ఒక్క పుల్ల వదలకుండా ఏరగలరా చెప్పు. ఆదిలాబాద్ చేలోంచి గాజువాక దాకా లారీ కిరాయి ఎవరు పెట్టుకుంటారు? గుట్టగా ఉండే సరుకు, లారీ నిండుద్ది గానీ బరువు ఉండదు.

మెటలర్జీ_మేడ
అందుకే కట్టెని కట్టెగా తోలకూడదు. చేల దగ్గర్లోనే బొగ్గు చెయ్యాలి, బొగ్గుని తోలాలి. అప్పుడు కూడా బయోచార్ బాగా తేలిక, ఘనపు మీటరుకి రెండు మూడు వందల కిలోలే ఉంటది, నొక్కి బ్రికెట్లు చేస్తే కొంత నయం.

ఇంకోటి, పత్తికట్టె బొగ్గు జామాయిల్ బొగ్గు ఒకటి కాదు. జామాయిల్, సర్కారు తుమ్మ లాంటి మాను కట్టెలో బూడిద తక్కువ, ఒకటి రెండు శాతం లోపే. పత్తికట్టెలో నాలుగైదు శాతం దాకా పోద్ది. కాల్చినప్పుడు బూడిద ఎక్కడికీ పోదు కదా, బరువు మూడో వంతుకి తగ్గుద్ది కాబట్టి బొగ్గులో బూడిద శాతం మూడింతలవుద్ది. పైగా ఆ బూడిదలో పొటాషియం ఉంటది. పొటాషియం ఫర్నేస్‌లోకి పోతే కింద ఆవిరై, పైకొచ్చి చల్లబడి గోడలకి పడుద్ది, మళ్ళీ కిందికి దిగుద్ది, అలా లోపలే తిరుగుతూ ఉంటది. గోడల లోపలి వేడి తట్టుకునే ఇటుకల్ని (రిఫ్రాక్టరీని) తింటది, కోక్‌ని కూడా బలహీనం చేస్తది. వరి ఊక సంగతైతే ఇంకా ఘోరం, దాంట్లో సిలికానే 15 శాతం పైన, ఊక బొగ్గు ఉక్కుకి పనికిరాదు, దాన్ని వదిలేయొచ్చు.

కొలిమిరవ్వ
కొబ్బరి చిప్పలు? కోనసీమలో చిప్పల బొగ్గు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మెటలర్జీ_మేడ
చిప్పల బొగ్గు చాలా మంచి బొగ్గు, గట్టిది, బూడిద తక్కువ. కానీ దాన్ని యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్ళూ గాలీ శుద్ధి చేసే బొగ్గు) చేసేవాళ్ళు మంచి ధర పెట్టి కొంటారు, ఫర్నేస్‌లో కాల్చడానికి ఎవరిస్తారు. సరుకు ఎంత మంచిదైతే అంత పోటీ ఉంటది. పత్తికట్టెకి కూడా ఇప్పుడు పోటీ వచ్చింది. థర్మల్ ప్లాంట్లు బొగ్గులో 5 శాతం పంట వ్యర్థాల పెల్లెట్లు కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది కదా, బ్రికెట్లు చేసి బాయిలర్లకి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. పత్తిచేను అన్నా, కంపెనీ వాళ్ళు "ఇంకెవరికీ అమ్మకూడదు" అని రాయించుకునేది ఇందుకే.

పత్తిచేను_ఖమ్మం
ఓహో. అంటే రేపు వాళ్ళకన్నా ఎక్కువ ధర ఇచ్చేవాడు వస్తాడని వాళ్ళకి ముందే తెలుసన్నమాట.

నేలతల్లి_బిడ్డ
ఎవరూ అసలు మాట అడగట్లేదు. బయోచార్ అంటే నేలకి పెట్టాల్సింది. నేలలో వేస్తే ఆ కార్బన్ వందల ఏళ్ళు అక్కడే ఉంటది, తేమ పట్టి ఉంచుద్ది, ఎర్ర చెల్క నేలల్లో మార్పు కళ్ళకి కనిపిస్తది. నేను మా కంది చేలో పశువుల ఎరువులో నానబెట్టి వేశాను, వానలు ఆలస్యమైనప్పుడు ఆ మడి ఆలస్యంగా వాడిపోయింది. దాన్ని తీసుకెళ్ళి ఫర్నేస్‌లో కాలిస్తే మళ్ళీ కార్బన్ డయాక్సైడే కదా అయ్యేది? నేల నుంచి తీసి గాలికి ఇవ్వడం, అంతేగా.

మెటలర్జీ_మేడ
కాలితే గాలికే పోద్ది, కాదనను. కానీ బయోచార్ కాలిన చోట రాతిబొగ్గు కాలదు. ఒక టన్ను బయోచార్‌లో 75 శాతం కార్బన్ ఉందనుకోండి, కాలితే రెండుంపావు... సారీ రెండు ముప్పావు టన్నుల కార్బన్ డయాక్సైడ్. పత్తి మొక్క పోయిన ఏడాదే గాలిలోంచి తీసుకున్నది అది. దానికి బదులు ఆగిపోయిన రాతిబొగ్గు కార్బన్ కోట్ల ఏళ్ళుగా భూమి లోపల ఉన్నది. కాబట్టి నేలలో పెట్టినా, ఉక్కులో రాతిబొగ్గుని ఆపినా గాలికి జరిగే మేలు దగ్గర దగ్గరగానే ఉంటది.

నేలతల్లి_బిడ్డ
గాలికి దగ్గర దగ్గరగా, ఒప్పుకుంటా. రైతుకి? నేలలో వేస్తే నేల బాగుపడుద్ది, ఉక్కులో వేస్తే ఉక్కు కంపెనీ పేరు బాగుపడుద్ది. కట్టెతో పాటు పొటాష్ కూడా చేనులోంచి పోద్ది, మీకు ఫర్నేస్‌లో అది విషం, మాకు అదే ఎరువు.

బొబ్బిలి_ఫర్నేస్
నేలతల్లి గారు చెప్పిన పొటాష్ మాట నాకు నచ్చింది. ఇప్పటిదాకా ఎప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

పాల్వంచ_పాతకాపు
బ్లాస్ట్ ఫర్నేస్ గురించే మాట్లాడుతున్నారు అందరూ. మన దేశంలో స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసిన ఇనుము) సంగతి? ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ స్పాంజ్ మనమే చేస్తాం, అందులో ఎక్కువ భాగం బొగ్గు కిల్న్‌ల మీదే. మా పాల్వంచలో 1980లో స్పాంజ్ ఐరన్ ఇండియా పెట్టారు, కోకింగ్ బొగ్గు (కోక్ చేయడానికి పనికొచ్చేది) కాకుండా మామూలు బొగ్గుతో గడ్డల ఖనిజాన్ని స్పాంజ్ చేయొచ్చని దేశానికి చూపించింది అదే, తర్వాత ఎన్‌ఎండీసీలో కలిపేశారు. రోటరీ కిల్న్‌లో పైన బరువు ఉండదు, పడుకోబెట్టిన గొట్టం తిరుగుతూ ఉంటది, కాబట్టి బొగ్గుకి బలం అక్కర్లేదు. మన బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి కిల్న్ లోపల గోడలకి గట్టి పెచ్చు (ఎక్రీషన్) పట్టుద్ది, రింగులు కట్టి చివరికి కిల్న్ ఆపి కొట్టుకోవాల్సి వస్తది. ఆ రింగు కొట్టే పని చేసినోడికే తెలుసు ఆ వేడి ఏంటో. మాను కట్టె బొగ్గు బూడిద తక్కువ కాబట్టి రింగులూ తగ్గుతాయి, డోలోచార్ (కిల్న్‌లోంచి మిగిలే బూడిద బొగ్గు) గుట్టలూ తగ్గుతాయి. చిన్న యూనిట్లు, ఒక్కోటి రోజుకి వంద టన్నుల లెక్క, చుట్టుపక్కల మండలాల కట్టె సరిపోద్ది. బయోచార్ ముందు పోవాల్సింది అక్కడికి.

గాజువాక_పెద్దాయన
పాతకాపు చెప్పింది సబబుగానే ఉంది. కాకపోతే బయోచార్ తేలిక, పొడి ఎక్కువ ఉంటే గ్యాస్‌తో పాటు ఎగిరి ఆఫ్టర్ బర్నింగ్ ఛాంబర్‌లోకి (బయటికి పోయే గ్యాస్‌ని కాల్చే గదిలోకి) పోద్ది, ఖనిజం దగ్గర పనిచేయకుండానే కాలిపోద్ది.

పాల్వంచ_పాతకాపు
అవును, ముక్క సైజు చూసుకోవాలి. కొంత బొగ్గుతో కలిపి వాడాలి, ఒక్కసారిగా మొత్తం మారిస్తే కిల్న్ వేడి ప్రొఫైల్ మారిపోద్ది. కట్టెబొగ్గు తొందరగా స్పందిస్తది కదా.

బొబ్బిలి_ఫర్నేస్
నాది ఫెర్రో అల్లాయ్స్, ఉక్కులో కలిపే మాంగనీస్, సిలికాన్ లాంటి మిశ్రమ లోహాల పని. విజయనగరం జిల్లాలో బొబ్బిలి, గరివిడి వైపు ఈ యూనిట్లు చాలా ఉన్నాయి. మాది ఆర్క్ ఫర్నేస్, అంటే కరెంటుతో కరిగించేది, ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగడానికి కార్బన్ వేస్తాం. కట్టెబొగ్గుకి కరెంటుని అడ్డుకునే గుణం కోక్ కన్నా ఎక్కువ, కాబట్టి ఎలక్ట్రోడ్ లోతుగా దిగుద్ది, వేడి కింద ఉంటది, మాకది మంచిదే. నార్వే, బ్రెజిల్ సిలికాన్ వాళ్ళు ఎప్పట్నుంచో కట్టెబొగ్గు వాడుతున్నారు. మాకు భయం అల్లా ఫాస్ఫరస్. మాంగనీస్ అల్లాయ్‌లో అయితే వేసిన ఫాస్ఫరస్ చాలావరకు మెటల్‌లోకే దిగుద్ది, కొనేవాడు సరుకు వెనక్కి పంపుతాడు. పంట కట్టెల్లో ఫాస్ఫరస్ మాను కట్టెలో కన్నా ఎక్కువ. తడి ఇంకో భయం, వానాకాలం తడిసిన బొగ్గు ఫర్నేస్‌లో వేస్తే పేలుద్ది. ఒక సప్లయర్ పంపిన లోడు కవర్ లేకుండా వచ్చింది, మేం దింపుకోలేదు.

రూర్కెలా_రాజు
గాలి తగిలితే వేడెక్కి దానంతటదే అంటుకునే గుణం కూడా ఉంది, కాల్చి దింపిన వెంటనే గుట్ట పోస్తే లోపల్నుంచి పొగొస్తది. సైలోలో పెట్టే పొడి అయితే నైట్రోజన్ కింద ఉంచాలి. ఊళ్ళో ఎఫ్‌పీఓ గోడౌన్‌లో పెడతాం అంటే మాత్రం వద్దు.

పత్తిచేను_ఖమ్మం
మా గోడౌన్‌లో విత్తనాలు, ఎరువులు ఉంటాయి. మంచి మాట చెప్పారు, రాసుకున్నా.

సర్కారుతుమ్మ
హైడ్రోజన్ వస్తోంది కదా, ఇదంతా ఎందుకు? టాటా స్టీల్ 2023లో జంషెడ్‌పూర్‌లో 'E' అనే బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ ఊది చూసింది. స్వీడన్‌లో అయితే హైడ్రోజన్‌తోనే స్పాంజ్ చేశారు. బయోచార్ వెనక్కి నడవడం లాగా ఉంది నాకు.

రూర్కెలా_రాజు
హైడ్రోజన్ ధర చూశావా బ్రో. ఇంకో సంగతి, హైడ్రోజన్‌తో చేసిన స్పాంజ్‌లో కార్బన్ ఉండదు. ఉక్కు అంటేనే కార్బన్ ఉన్న ఇనుము. ఆర్క్ ఫర్నేస్‌లో స్లాగ్ (కరిగిన లోహం మీద తేలే మలినం) నురగ రావడానికి కూడా కార్బన్ ఊదాలి, ఆ నురగ ఆర్క్‌ని కప్పి ఉంచితేనే కరెంటు ఆదా, గోడలకి రక్షణ. రేపు హైడ్రోజన్ వచ్చినా టన్నుకి కొన్ని కిలోల కార్బన్ ఎక్కడ్నుంచో రావాలి. అది బయోచార్ అయితే తప్పేంటి. మేం ట్రయల్ చేశాం, మామూలు ఆంత్రసైట్ (గట్టి రకం రాతిబొగ్గు) లాగా కాదు, బయోచార్ స్లాగ్‌లో సరిగా కలవకుండా పైన తేలి కాలిపోయేది, నురగ పల్చగా వచ్చేది. బ్రికెట్ చేసి స్క్రాప్ బకెట్‌లో అడుగున వేస్తే మాత్రం ఇబ్బంది లేదు.

మెటలర్జీ_మేడ
సర్కారుతుమ్మ గారూ, వెనక్కి నడవడం అనకండి. ఉన్న బ్లాస్ట్ ఫర్నేసులు రేపు మూసేయం, లోపలి ఇటుకలు మార్చి (రీలైనింగ్ చేసి) ఇంకో పదిహేను ఇరవై ఏళ్ళు నడుపుతాం, కొత్తవి కూడా కడుతున్నాం. మన దేశంలో టన్ను ఉక్కుకి సగటున 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తోంది. 2024 డిసెంబర్‌లో ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్ నిర్వచనం ఇచ్చింది, 2.2 టన్నుల లోపు ఉంటేనే గ్రీన్, 1.6 లోపు ఉంటే ఐదు నక్షత్రాలు. యూరప్‌కి పోయే ఉక్కుకి 2026 జనవరి నుంచి సీబీఏఎమ్ (యూరప్ సరిహద్దు దగ్గర వేసే కార్బన్ సుంకం) కింద కార్బన్‌కి డబ్బు కట్టే లెక్క మొదలైంది. ఇప్పుడు పెద్దాయన లెక్కే తీసుకోండి. 150 కిలోల పొడి బొగ్గు బదులు 150 కిలోల బయోచార్ అంటే టన్నుకి 0.4 టన్నులు తగ్గినట్టు. 2.5 నుంచి 2.1. పీసీఐ మొత్తం మారిస్తే వచ్చేది ఇంతే, మూడో వంతు మారిస్తే 0.13. ఎక్కువేం కాదు, కానీ ఇవాళ ఉన్న ఫర్నేస్‌లో, కొత్త ప్లాంట్ కట్టకుండా వచ్చేది.

సింటర్ ప్లాంట్ కూడా చెప్పాలి. అక్కడ కోక్ బ్రీజ్ (కోక్ పొడి) వాడతాం, అందులో కొంత బయోచార్ కలపొచ్చు. ఎక్కువ కలిపితే మంట తొందరగా పరిగెత్తుద్ది, వేడి వెనకబడుద్ది, సింటర్ బలం పోద్ది. బ్రీజ్‌లో పావు వంతు దాకా అయితే సర్దుకోవచ్చని చాలా ట్రయల్స్‌లో చూశారు. కోక్ ఓవెన్‌లో కోకింగ్ బొగ్గుతో కలపడం మాత్రం కష్టం, రెండు మూడు శాతం దాటితే కోక్ సీఎస్ఆర్ (ఫర్నేస్ వేడిలో కోక్‌కి మిగిలే బలం) పడిపోద్ది.

గాజువాక_పెద్దాయన
సీఎస్ఆర్ పడిందంటే నేను ఒప్పుకోను ఆ కోక్‌ని 🙂

సర్కారుతుమ్మ
సరే, తగ్గుద్ది. కానీ మా ప్రకాశం జిల్లాలో బొగ్గు బట్టీలు చూశారా ఎవరన్నా? సర్కారు తుమ్మ నరికి, పేర్చి, మట్టి కప్పి రోజుల తరబడి కాలుస్తారు. ఆడా మగా పిల్లలూ ఆ పొగలోనే ఉంటారు. మా పిన్నమ్మ వాళ్ళు ఆ పని చేసేవాళ్ళు, ఆవిడ దగ్గు ఇప్పటికీ తగ్గలేదు. ఆ బట్టీ బొగ్గుని "గ్రీన్" అని పేరు పెట్టి ఉక్కులో వేస్తే ఎలా ఒప్పుకుంటాం?

మెటలర్జీ_మేడ
ఒప్పుకోకూడదు. మట్టి బట్టీలో పొగ అంతా గాల్లోకి పోద్ది, అందులో మీథేన్ ఉంటది, వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడి చేస్తది. పైగా కట్టెలో ఐదో వంతు కూడా బొగ్గుగా రాదు చాలాసార్లు. మూసిన రిటార్ట్‌లో అయితే ఆ గ్యాస్‌ని వెనక్కి తిప్పి దాంతోనే కట్టె కాలుస్తారు, పొగ బయటికి రాదు, బొగ్గు 30 శాతం దాకా వస్తది. కాబట్టి కంపెనీ వాళ్ళని మొదట అడగాల్సింది ఏ బట్టీ అని. మట్టి బట్టీ అయితే ఉక్కు ప్లాంట్ దగ్గర మిగిలిన మేలు చేలోనే పోయినట్టు.

సర్కారుతుమ్మ
ఈ మాట అగ్రిమెంట్‌లో ఉండాలి. పని చేసేవాళ్ళకి పొగ తగలకూడదు అని కూడా.

నేలతల్లి_బిడ్డ
పత్తిచేను అన్నా, ఇంకోటి అడుగు. వాళ్ళు ఆ బయోచార్ మీద కార్బన్ క్రెడిట్ అమ్ముతారా? నేలలో వేసి దాచిన కార్బన్‌కి "గాలిలోంచి తీసేసింది" అని క్రెడిట్ ఇస్తారు. ఫర్నేస్‌లో కాల్చేదానికి ఆ క్రెడిట్ రాదు, రాకూడదు. మీ దగ్గర నేల పేరు చెప్పి క్రెడిట్ తీసుకుని, సరుకు ఉక్కుకి అమ్మితే అది మోసం. ఏదో ఒకటే చెయ్యాలి, ఏదో రాతలో ఉండాలి. నేలకి అయితే క్రెడిట్‌లో రైతుకి వాటా ఉండాలి.

మినాస్_బాటసారి
దీనికి తోడు, యూరప్ లెక్కల్లో బయోమాస్‌ని సున్నా కార్బన్ అని ఒప్పుకోవాలంటే అది ఎక్కడ్నుంచి వచ్చిందో రుజువు కావాలి, అడవి నరికింది కాదని చూపించాలి. పంట వ్యర్థానికి ఆ రుజువు తేలిక. మీ ఎఫ్‌పీఓ దగ్గర ఏ రైతు, ఏ సర్వే నంబర్, ఎన్ని క్వింటాళ్ళు అన్న రిజిస్టర్ ఉంటే ఆ రిజిస్టర్‌కే విలువ ఉంది. దాన్ని ఊరికే ఇవ్వకండి. ఉక్కు ప్లాంట్‌కి బొగ్గు ఎంత అవసరమో ఆ కాగితం కూడా అంతే అవసరం.

పత్తిచేను_ఖమ్మం
ఇది ఎవ్వరూ చెప్పలేదు మాకు. వచ్చిన ఇద్దరూ రైతుల లిస్టు, పాస్‌బుక్ నకళ్ళు అడిగారు, ఎందుకా అనుకున్నాం.

పాల్వంచ_పాతకాపు
అదన్నమాట సంగతి. ఇవ్వొద్దు ఇప్పుడే.

గాజువాక_పెద్దాయన
తమ్ముడూ, నా మాటగా కమిటీకి చెప్పు. ఐదేళ్ళు రాయొద్దు, ఒక సీజన్ రాయండి. కట్టె మొత్తం మాకే అనే మాట తీసేయించు, ఇన్ని టన్నులు అని రాయించు. ధర బొగ్గు ధరకి ముడిపెట్టమను, రాతిబొగ్గు ధర పెరిగినప్పుడు వాళ్ళకి లాభం పెరుగుద్ది కదా, అందులో మీకూ రావాలి. ఉక్కు ప్లాంట్‌తో వాళ్ళకి కొనుగోలు ఒప్పందం ఉంటే ఆ కాగితం చూపించమను, లేకపోతే ఎవరికి అమ్ముతారో వాళ్ళకే తెలీదన్నమాట.

నేలతల్లి_బిడ్డ
కట్టె మొత్తం ఇవ్వకండి, కొంత చేనుకి ఉంచండి. ఇచ్చిన కట్టెకి పోయిన పొటాష్ ఎంతో లెక్క కట్టించి ధరలో కలపండి.

పత్తిచేను_ఖమ్మం
శనివారం కమిటీ మీటింగ్ ఉంది, ఇవన్నీ కాగితం మీద పెట్టుకుని పోతా. ఇంకొక్క డౌట్, మా వైపు మిరప కూడా ఎక్కువే. మిరపకట్టె పనికొస్తదా? పత్తికట్టె కన్నా నయమా?

బొబ్బిలి_ఫర్నేస్
చెప్పలేం, చూడాలి. మా ల్యాబ్‌లో బూడిద, ఫాస్ఫరస్, పొటాషియం చేయించి ఇస్తాను, డబ్బులేం అక్కర్లేదు. పత్తికట్టె, మిరపకట్టె విడివిడిగా తలో రెండు కిలోలు ఎండబెట్టి పంపు. వాళ్ళు అడిగే స్పెసిఫికేషన్ కన్నా ముందే మీ సరుకు ఏంటో మీకు తెలిస్తే బేరం దగ్గర గట్టిగా మాట్లాడొచ్చు.

మెటలర్జీ_మేడ
వేర్లు కోసేసి పంపండి. పీకిన కట్టెకి వేర్ల దగ్గర మట్టి అంటుకుని ఉంటది, అదంతా బూడిద లెక్కలోకి వస్తది, సిలికా ఎక్కువ చూపిస్తది. కంపెనీ వాళ్ళు కూడా రేపు లోడు దగ్గర అదే సాకు చెప్పి ధర కోస్తారు.

పత్తిచేను_ఖమ్మం
వేర్లు కొయ్యాలంటే ఎకరానికి ఇద్దరు కూలీలు అదనం. ఆ కూలి ఎవరు పెట్టుకుంటారో అదీ రాయించాలి అయితే. శాంపిల్ సోమవారం బస్సులో వేస్తా బొబ్బిలి అన్నా, ఎవరికి అందాలో మెసేజ్ పెట్టు.